పేజీకొక మనిషి: కంపెనీ ఇంట్రానెట్‌ను చక్కదిద్దిన నా అనుభవం

మా కంపెనీ ఇంట్రానెట్, అంటే సిబ్బంది మాత్రమే వాడే లోపలి వెబ్‌సైటు బాధ్యత నా చేతికి రావడానికి కారణం ఒక ఫోన్ నంబరు. ఒక రాత్రి షిఫ్టులో ఎలక్ట్రికల్ ప్యానెల్ నుంచి పొగ రావడం గమనించిన ఆపరేటర్ ఒకరు, షాప్ ఫ్లోర్‌లో అందరి వాడకం కోసం ఉంచిన కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, ఇంట్రానెట్‌లో ‘అత్యవసర సంప్రదింపులు’ అనే పేజీ తెరిచి, అందులో మొదట ఉన్న ఎక్స్‌టెన్షన్‌కు ఫోన్ చేశారు. ఆ ఫోన్ తాళం వేసిన గదిలో మోగుతూనే ఉండిపోయింది. సేఫ్టీ విభాగం అంతకు ముందు సంవత్సరమే మరో భవనానికి మారింది, వాళ్ల నంబరూ మారింది, పేజీ మాత్రం మారలేదు. రెండోసారి చేసినా ఎవరూ ఎత్తకపోవడంతో ఆయన గేటు దాకా పరుగెత్తి సెక్యూరిటీ సిబ్బందిని పిలుచుకు వచ్చారు. సకాలంలో కరెంటు ఆపేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. మరునాడు జరిగిన విచారణలో అన్ని ప్రశ్నలకూ సమాధానాలు వచ్చాయి, ఒక్కదానికి తప్ప: ఆ పేజీ ఎవరిది? పేజీ అడుగున ఉన్న పేరు ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన మనిషిది.

అప్పటికి నేను నాణ్యతా విభాగంలో పత్రాల నిర్వహణ చూస్తున్నాను. పత్రాలకు నంబర్లు వేయడం, పాత ప్రతులను వెనక్కి తీసుకోవడం నా రోజువారీ పని కాబట్టి ఇంట్రానెట్ కూడా చూడమన్నారు. యాజమాన్యం నా నుంచి ఆశించింది కొత్త రూపం: కొత్త రంగులు, కొత్త మెనూ, మొదటి పేజీలో కదిలే బొమ్మలు. నిజం చెప్పాలంటే నేనూ మొదటి రెండు వారాలు అదే దారిలో ఆలోచించాను. వేరే కంపెనీల ఇంట్రానెట్‌ల బొమ్మలు సేకరించాను, ఒక నమూనా కూడా గీయించాను. ఆ నమూనాలో అత్యవసర సంప్రదింపుల పేజీని అమర్చబోయేటప్పుడు, అందులో వేయవలసిన నంబరు ఎవరిని అడగాలో నాకు ఇంకా తెలియదన్న సంగతి గుర్తొచ్చింది. రూపం పని అక్కడితో ఆపేశాను.

ముందు ఉన్నదేమిటో లెక్క తేల్చుకోవాలనుకున్నాను. ఐటీ వాళ్లు ఇచ్చిన జాబితాను ఎక్సెల్‌లో పెట్టుకుని చూస్తే పేజీలూ ఫైళ్లూ కలిపి 3,800 దాకా తేలాయి. ఒక్కో వరుసకు ఒక పేజీ, దాని చిరునామా, ఎవరు రాశారు, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఎంతమంది చూశారు, ఉంచాలా తీసేయాలా అన్న నిర్ణయం, ఇవీ గళ్లు. పని తేలిక చేసుకుందామని ‘చివరిసారి మార్చిన తేదీ’ ప్రకారం వరుసలో పెట్టి చూస్తే వందల పేజీలకు ఒకే తేదీ కనిపించింది. ఒకే శనివారం నాడు ఇన్ని పేజీలు ఎవరు సరిచూశారా అని ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఆ రోజున ఇంట్రానెట్‌ను పాత సర్వర్ నుంచి కొత్త వేదికకు తరలించారు. తరలింపులో పేజీలన్నీ కొత్తగా పుట్టినట్టు నమోదయ్యాయి. అంటే తేదీ కొత్తదే గానీ లోపల ఉన్న మాట పదేళ్ల కిందటిది కావచ్చు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు ఎవరైనా ఆ గడిని నమ్మే ముందు, తమ ఇంట్రానెట్ ఎప్పుడు తరలిందో తప్పక కనుక్కోవాలి.

చూసినవారి లెక్క కూడా అలాగే తప్పుదోవ పట్టించింది. మొదటి పేజీకి రోజూ వేలల్లో సందర్శనలు ఉన్నాయని గతంలో నివేదికలు వెళ్లాయి. కంపెనీ కంప్యూటర్లలో బ్రౌజర్ తెరవగానే ఆ పేజీయే తెరుచుకునేలా అమర్చి ఉంది కాబట్టి ఆ లెక్కలో చదివినవారు ఎందరో, బ్రౌజర్ తెరిచినవారు ఎందరో వేరు చేయడానికి వీలు లేదు. అటు చూస్తే, ఏడాది మొత్తంలో పట్టుమని పదిమంది కూడా చూడని పేజీలు వందల్లో ఉన్నాయి. వాటినన్నిటినీ ఒక్కసారిగా తీసేద్దామనిపించింది. అయితే ఆ పేజీల్లో ఉద్యోగి మరణిస్తే కుటుంబానికి అందవలసిన సాయం గురించిన పేజీ ఒకటి ఉంది. ఆ సంవత్సరం దాన్ని నలుగురు చూశారు. ఆ నలుగురికీ అది ఎంత అవసరమైన పేజీయో నేను ఊహించగలను. అప్పటి నుంచి సంఖ్య తక్కువన్న ఒక్క కారణంతో ఏ పేజీనీ తీసెయ్యలేదు. ఎవరికోసం, ఏ పరిస్థితిలో అని అడిగాకే నిర్ణయం గడి నింపాను.

తీసేయవలసినవి మాత్రం చాలా ఉన్నాయి. సెలవుల నియమాలు మూడు చోట్ల ఉన్నాయి, మూడింటిలో మూడు రకాలుగా ఉన్నాయి. వైద్య ఖర్చుల ఫారం పేరు చివర ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ వాడవలసినది’ అని మూడు ప్రతులు ఉంటే, అకౌంట్స్ వాళ్లు అంగీకరించేది ఆ మూడింటిలో ఏదీ కాదు, వాళ్లు మెయిల్‌లో పంపే నాలుగోది. స్టోర్స్‌లో పనిచేసే ఒక సోదరి ఆసుపత్రి బిల్లులు జతచేసి ఆ ఫారం రెండుసార్లు నింపి ఇచ్చి, రెండుసార్లూ తిరిగి వచ్చాక కాగితాలన్నీ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. “ఇందులో ఉన్నదే కదండీ నింపాను, మళ్లీ తప్పంటారేమిటి?” అని ఆమె అడిగిన ప్రశ్నకు తలవంచుకోవడం తప్ప నా దగ్గర జవాబు లేదు. తప్పు ఆమెది కాదు, అకౌంట్స్ వాళ్లదీ పూర్తిగా కాదు. పాతది పక్కకు తీయకుండా కొత్తది తెచ్చి పెట్టే అలవాటు అందరిదీ.

తీసేయడమంటే విభాగాలకు భయం. ఎప్పుడైనా అవసరం పడుతుందేమో అన్న మాట ప్రతి సమావేశంలోనూ విన్నాను. అందుకని ఏదీ వెంటనే చెరిపెయ్యలేదు. చట్టప్రకారం దాచి ఉంచవలసిన పత్రాలను ముందుగా విడదీసి రికార్డుల భాండారానికి పంపాము. మిగిలినవాటిని సెర్చ్‌లోనూ మెనూలోనూ కనపడకుండా 90 రోజులు పక్కన ఉంచి, ఎవరైనా అడిగితే అదే రోజు తిరిగి పెడతామని మాటిచ్చాము. పక్కన పెట్టినవి 2,000 పైచిలుకు కాగా తిరిగి అడిగినవి 11 మాత్రమే. గడువు తీరాక మిగిలినవి చెరిపేశాము. తర్వాతి వారంలోనే సెర్చ్ ఫలితాలు బాగున్నాయని కొందరు మెయిల్ రాశారు. సెర్చ్‌ను అప్పటికి మేము ముట్టుకోనేలేదు.

ఇక్కడొక విషయం చెప్పాలనిపిస్తోంది. ఈ పని చేస్తున్న రోజుల్లోనే వెబ్ ఎలా పుట్టిందో చదివాను. 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనా సంస్థలో ఇచ్చిన ప్రతిపాదన ప్రపంచం మొత్తాన్ని కలపడం గురించి మొదలు కాలేదు. ఆ సంస్థలో చాలామంది రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతుంటారు, వాళ్లతోపాటు వాళ్లకు తెలిసిన విషయాలూ పోతుంటాయి, ఆ నష్టాన్ని ఆపడం ఎలా అన్నది ఆయన ముందున్న సమస్య. తొలి రోజుల్లో అక్కడివారిని వెబ్ వైపు లాగిన వాటిలో ఒకటి సంస్థ టెలిఫోన్ డైరెక్టరీ. అంటే ఒక సంస్థ తన సిబ్బంది కోసం వెతుక్కున్న దారిలోంచే వెబ్ వచ్చింది, అందులో మొదట అక్కరకు వచ్చింది ఫోన్ నంబర్లు. మా కథ కూడా ఒక ఫోన్ నంబరుతోనే మొదలైంది కాబట్టి ఆ వివరం నా మనసులో నాటుకుపోయింది.

తర్వాత సెర్చ్ పని పట్టుకున్నాను. సిబ్బంది సెర్చ్ పెట్టెలో ఏం రాస్తున్నారో నమోదయ్యే చిట్టా అప్పటికే ఉంది గానీ ఎవరూ తెరిచి చూడలేదు. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది, ఫలితం ఒక్కటీ రాని మాటల జాబితా. జనం ‘పే స్లిప్’ అని రాస్తున్నారు, హెచ్‌ఆర్ పేజీ పేరు ‘నెలవారీ పారితోషిక నివేదిక’. జనం ‘షూస్’ అని వెతుకుతున్నారు, సేఫ్టీ పేజీలో ఉన్నది ‘వ్యక్తిగత రక్షణ సామగ్రి’. ‘వైఫై’ అని వెతికితే ఏమీ రాదు, ఎందుకంటే ఐటీ వారి పేజీలో ‘వైర్‌లెస్ నెట్‌వర్క్ అనుసంధాన విధానం’ అని ఉంది. రాసినవారు తమ విభాగం భాషలో రాశారు, వెతికేవారు తమ నోటి మాటతో వెతుకుతున్నారు. పేజీల పేర్లను జనం వాడే మాటల్లోకి మార్చాము. మార్చడానికి వీలు లేని అధికారిక పేర్లకు పర్యాయపదాల జాబితా తయారుచేసి సెర్చ్‌కు ఇచ్చాము. తరచుగా తప్పు స్పెల్లింగుతో రాసే మాటలను కూడా తప్పుతోనే ఆ జాబితాలో చేర్చాము. ప్రతి సోమవారం ఉదయం అరగంట ఆ చిట్టా చూడడం నాకు అలవాటైంది. ఈ మొత్తం పనిలో పెట్టిన సమయానికి ఎక్కువ ఫలితమిచ్చింది ఏదని ఎవరైనా అడిగితే ఈ అరగంటనే చూపిస్తాను.

అయితే ఆ చిట్టా చదువుతున్నప్పుడు ఒకసారి నా చెయ్యి ఆగిపోయింది. వేధింపులపై ఫిర్యాదు ఎలా చేయాలి అన్న అర్థం వచ్చే మాటలతో ఎవరో ఒకే రోజున ఐదుసార్లు, ఒక్కోసారి ఒక్కో మాట మార్చి వెతికారు. ఒక్కసారి కూడా ఫలితం రాలేదు. పక్క గడిలో వెతికినవారి లాగిన్ పేరు ఉంది. నేను దాన్ని చదవకుండా ఫైలు మూసేశాను. అదే రోజు ఐటీ విభాగంతో మాట్లాడి, నాకు వచ్చే చిట్టాలో లాగిన్ పేర్లు, విభాగాల పేర్లు లేకుండా చేయించాను. నలుగురే ఉన్న విభాగంలో విభాగం పేరు చెప్పడమంటే మనిషి పేరు చెప్పడమే కదా. ఫిర్యాదుల కమిటీ పేజీ అప్పటిదాకా హెచ్‌ఆర్ కింద, నిబంధనల కింద, పీడీఎఫ్ లోపల పదిహేడో పేజీలో ఉండేది. దాన్ని విడిగా ఒక పేజీ చేసి, ఎవరెవరిని ఎలా కలవాలో మొదటి ఆరు వరుసల్లోనే చెప్పి, ఆ వ్యక్తి ప్రయత్నించిన ఐదు మాటలకూ ఆ పేజీయే ముందు వచ్చేలా అమర్చాము. ఆ మనిషికి అది సకాలంలో అందిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయకూడదని కూడా నాకు తెలుసు.

మెనూ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. అది పూర్వం విభాగాల వారీగా ఉండేది. సిబ్బందికి తెలిసిన 40 పనుల పేర్లు కార్డుల మీద రాసి, రకరకాల ఉద్యోగాలు చేసే 15 మందికి విడివిడిగా ఇచ్చి, దగ్గర అనిపించినవాటిని గుంపులుగా పెట్టమన్నాము. కార్డ్ సార్టింగ్ అనే ఈ పద్ధతికి 15 మంది చాలునని వెబ్‌సైట్ల వాడుక మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ 2004లో రాసింది చదివి ఆ సంఖ్య పెట్టుకున్నాము. ఒక్కరు కూడా విభాగాల ప్రకారం పేర్చలేదు. ‘నా జీతం’, ‘నా సెలవులు’, ‘ప్రయాణం’, ‘పాడైతే ఎవరికి చెప్పాలి’ వంటి గుంపులు చేశారు. మెనూ అలాగే పెట్టాము. మొదటి పేజీలో తమ విభాగం కనిపించడం లేదని ఒకరిద్దరు అధికారులు నొచ్చుకున్నారు. ఆ కార్డుల ఫోటోలు చూపించాక అభ్యంతరం వదులుకున్నారు.

పీడీఎఫ్‌ల సంగతి ఇంకా మొండిది. మా సమాచారంలో సగానికి పైగా పీడీఎఫ్‌లలో ఉండేది. వాటిలో చాలా భాగం కాగితం మీద సంతకం చేయించి స్కాన్ చేసినవి. అంటే కంప్యూటర్ దృష్టిలో అవి అక్షరాలు కావు, ఫోటోలు. సెర్చ్‌కు అందులోని ఒక్క మాట కూడా అందదు. పైగా ఏ4 కాగితం కోసం తీర్చిన పేజీని ఫోన్‌లో చదవాలంటే ప్రతి వరుసకూ అటూ ఇటూ జరపాలి. సంతకం ఉన్న ప్రతిని రికార్డు కోసం ఉంచి, అందులోని విషయాన్ని మామూలు పేజీగా రాయమని విభాగాలను కోరాము. ఫారం మార్చవలసి వస్తే కొత్త పేరుతో కొత్త ఫైలు పెట్టకుండా అదే ఫైలు స్థానంలో కొత్త ప్రతిని ఉంచాలని నియమం పెట్టాము. అలా చేస్తే చిరునామా మారదు, పాత మెయిల్స్‌లో ఉన్న లింకు నొక్కినా కొత్త ఫారమే వస్తుంది, పాత ప్రతి చరిత్రలో భద్రంగా ఉంటుంది. మెయిల్‌కు ఫారం జతచేసి పంపడం మానేసి లింకు పంపమని అకౌంట్స్ వారిని ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది.

మా డిజైన్ విభాగంలో చూపు బాగా తక్కువగా ఉన్న సహోద్యోగి ఒకరున్నారు. ఆయన తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడతారు. ఒక మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని, ఆయన చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్ నేను పెట్టుకుని మా కొత్త పేజీ ఒకటి విన్నాను. స్క్రీన్ రీడర్ వాడేవారు చాలాసార్లు పేజీ అంతా మొదటి నుంచి వినరు, కొన్నిసార్లు లింకుల జాబితా తెరిచి దూకుతారు. ఆ జాబితా నా చెవిలో ఇలా వినిపించింది: ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, మరింత చదవండి, ఇక్కడ నొక్కండి. దేనికోసం నొక్కాలో చెప్పే మాట ఒక్కటీ లేదు. నేనే దగ్గరుండి రాయించిన పేజీ అది. ఆయన మాత్రం నొచ్చుకోకుండా, “కుడివైపు మూలన లేత బూడిద రంగులో ఏదో ఉందంటారు, అదేమిటో కాస్త చదివి పెడతారా?” అని అడిగారు. అది హెల్ప్‌డెస్క్ నంబరు. ఆ సాయంత్రమే వైకల్యం ఉన్నవారు కూడా వాడగలిగేలా పేజీలు ఎలా ఉండాలో చెబుతూ వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రచురించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు తెరిచి చూశాను. మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వాటిలో ఉంది. మా బూడిద రంగు ఆ దరిదాపుల్లో లేదు. రంగులు మార్చాము, లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో ఆ మాటలనే లింకుగా చేశాము, బొమ్మలకు వివరణలు రాశాము. దీనివల్ల ఆయనకే కాదు, ఎండలో నిలబడి ఫోన్‌లో చూసే మా డ్రైవర్లకూ సుఖమైంది.

ఇక ఈ మొత్తం పనికి ఆయువుపట్టు అని నేను నమ్మే విషయానికి వస్తాను. ప్రతి పేజీకీ ఒక మనిషి ఉండాలి. విభాగం కాదు, మనిషి. ‘హెచ్‌ఆర్ విభాగం’ అని రాసి ఉన్న పేజీని హెచ్‌ఆర్‌లో ఎవరూ తమదనుకోరని లెక్క తీసినప్పుడే చూశాను. అందుకని పేజీ బాధ్యులుగా పేరున్న వ్యక్తినీ, వారు లేనప్పుడు చూసే రెండో వ్యక్తినీ రాయాలని, ఇద్దరూ లేని పేజీ ఇంట్రానెట్‌లో ఉండదని ప్రతిపాదించాను. విభాగాధిపతుల సమావేశంలో దీనికి వచ్చినంత వ్యతిరేకత మరి దేనికీ రాలేదు. మా పిల్లలకు ఇప్పటికే తలకు మించిన పని ఉందని ఒకరు, తప్పు జరిగితే పేరున్న మనిషి మీద పడుతుందని మరొకరు అన్నారు. రెండో మాటలో నిజం ఉంది. అందుకని బాధ్యత అంటే శిక్షకు పేరు రాయడం కాదని, పేజీలో తప్పు కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలియడమేనని లిఖితపూర్వకంగా పెట్టించాము. పేజీల సరిచూత పనిని వారి ఉద్యోగ విధుల్లో చేర్చి, దానికి నెలకు రెండు గంటలు కేటాయించాము. అందరికన్నా ముందు ఒప్పుకున్నది సేఫ్టీ విభాగం. ఆ రాత్రి మోగిన ఫోన్‌ను వాళ్లు మరిచిపోలేదు.

ప్రతి పేజీకీ సరిచూసే గడువు పెట్టాము: సేఫ్టీకి మూడు నెలలు, జీతాలూ సెలవుల వంటివాటికి ఆరు నెలలు, మిగిలినవాటికి ఏడాది. గడువు దగ్గర పడగానే బాధ్యులకు మెయిల్ వెళ్తుంది. గడువు దాటితే పేజీ నెత్తిన ‘ఈ పేజీని సరిచూసి ఇంతకాలమైంది’ అన్న పట్టీ అందరికీ కనబడుతుంది. ఆ పట్టీ బాగా పనిచేసింది. మా విభాగం పేజీ మీద అది చూసి పక్కవాళ్లు అడుగుతున్నారని ఒక అధికారి స్వయంగా కూర్చుని ఆ రోజే సరిచేయించారు. ఉద్యోగి కంపెనీ వదిలేటప్పుడు లాప్‌టాప్, గుర్తింపు కార్డు అప్పగించే పత్రంలోనే ‘బాధ్యత వహించే పేజీలు ఎవరికి అప్పగించారు’ అన్న వరుస చేర్చాము. ఇంత చిన్న వరుస ముందే ఉండి ఉంటే ఆ రాత్రి ఆపరేటర్ పరుగెత్తవలసి వచ్చేది కాదు.

అయినా ఒక లోపం మిగిలింది. గడువు మెయిల్ రాగానే బాధ్యులు పేజీ తెరవకుండానే ‘సరిచూశాను’ అన్న బటన్ నొక్కేస్తున్నారు. ఒకరు ఒకే నిమిషంలో 14 పేజీలు సరిచూసినట్టు నమోదైంది. నేను కోప్పడలేదు, వారికి అంత పని ఉందని నాకు తెలుసు. బటన్‌ను మార్చాము. ఇప్పుడు అది నొక్కాలంటే ఆ పేజీలో ఉన్న ముఖ్యమైన వివరాన్ని, అంటే ఫోన్ నంబరో, గడువు తేదీయో, ఫారం పేరో, పేజీ చూడకుండా కొత్తగా టైప్ చేయాలి. అది పేజీలో ఉన్నదానితో కలవకపోతే రెండూ పక్కపక్కన చూపించి ఏది సరైనదని అడుగుతుంది. మొదటి త్రైమాసికంలోనే ఇలా 30కి పైగా తప్పులు బయటపడ్డాయి. అవన్నీ అంతకు ముందు ‘సరిచూసిన’ పేజీలే.

బల్ల, కంప్యూటర్ లేని సిబ్బంది గురించి చాలా ఆలస్యంగా ఆలోచించానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మా కంపెనీలో ఎక్కువమందికి కంపెనీ మెయిల్ లేదు. షాప్ ఫ్లోర్‌లో పంచుకునే కంప్యూటర్ దగ్గర ఒకరు లాగిన్ అయి వెళ్లిపోతే, తర్వాత వచ్చినవారికి ముందువారి జీతం వివరాలు కనిపించేవి. నేను ఒక షిఫ్టు మొత్తం ఆ కంప్యూటర్ పక్కన నిలబడి చూసినప్పుడు, చేతి తొడుగులు తీసి, పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టి, విసిగి వెళ్లిపోయినవారే ఎక్కువ. అత్యవసర నంబర్లు, షిఫ్టుల పట్టిక, బస్సు వేళలు, భద్రతా సూచనలు లాగిన్ లేకుండానే ఆ కంప్యూటర్‌లో కనిపించేలా పెట్టాము. వ్యక్తిగత వివరాలు గుర్తింపు కార్డు తాకిస్తేనే తెరుచుకుని, రెండు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే వాటంతట అవే మూసుకుపోతాయి. సూచనలను ఆఫీసు భాషలో కాక అక్కడివారు మాట్లాడుకునే భాషలో రాశాము. రాసినవాటిని ప్రచురించే ముందు ఇద్దరు ఆపరేటర్ల చేత చదివించి, వారు తడబడిన చోటల్లా తిరగరాశాము.

ఇటీవల ఇంట్రానెట్‌లోని పేజీలు చదివి ప్రశ్నలకు జవాబు చెప్పే ఏఐ సహాయకుణ్ణి పెట్టమని ఒత్తిడి వచ్చింది. పరీక్షించి చూశాము. సెలవులు ఎన్ని మిగుల్చుకోవచ్చని అడిగితే చక్కటి వాక్యాల్లో, ఏ సందేహమూ లేని స్వరంతో, తప్పు జవాబు చెప్పింది. ఎక్కడి నుంచి తెచ్చిందని చూస్తే, ఒక విభాగం తమ సొంత ఫోల్డర్‌లో దాచుకున్న పాత నియమాల ఫైలు. మేము సరిచేసిన పేజీల జోలికి అది వెళ్లనేలేదు. అంతకన్నా ఆందోళన కలిగించిందేమిటంటే, ఎవరో పొరపాటున అందరికీ అనుమతి ఇచ్చి వదిలేసిన జీతాల పట్టికలోని అంకెలను కూడా అది తీసి చూపించింది. ఆ ఫైలు ఏళ్లుగా అలాగే తెరిచి ఉంది, ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవడమే ఇన్నాళ్లూ దానికి తాళం. ముందు అనుమతులన్నీ తనిఖీ చేసి, బాధ్యుడున్న పేజీలను మాత్రమే ఆ సహాయకుడు చదివేలా పరిమితి పెట్టి, ప్రతి జవాబు కింద మూల పేజీ లింకూ సరిచూసిన తేదీ కనిపించేలా చేసిన తర్వాతే ఒక విభాగానికి ఇచ్చాము. మిగిలిన విభాగాలకు ఇవ్వడానికి నేను ఇంకా ఒప్పుకోలేదు.

ఇదంతా పనికొచ్చిందా అని యాజమాన్యం అడిగినప్పుడు సందర్శనల లెక్క చూపించలేదు. పని మొదలుపెట్టే ముందు 12 మందిని కూర్చోబెట్టి ఎనిమిది పనులు ఇచ్చి, ఒక్కో జవాబు వెతకడానికి ఎంతసేపు పట్టిందో, దొరికింది సరైన జవాబో కాదో రాసి పెట్టుకున్నాను. ఏడాదిన్నర తర్వాత అవే ఎనిమిది పనులు అంతమందికే ఇచ్చాను. వైద్య ఖర్చుల ఫారం మొదటిసారి 12 మందిలో ఇద్దరికే సరైనది దొరికింది, రెండోసారి 11 మందికి దొరికింది. దొరకని ఒక్కరితో గంటసేపు మాట్లాడి, ‘ఆసుపత్రి’ అన్న మాటను పర్యాయపదాల జాబితాలో చేర్చాను.

అత్యవసర సంప్రదింపుల పేజీ బాధ్యత మాత్రం సేఫ్టీ వారితోపాటు నా పేరు మీద కూడా ఉంచుకున్నాను. దాన్ని టైప్ చేసి సరిచూడడం నాకు చాలదు. నెలకోసారి, రాత్రి షిఫ్టు వేళ, ముందుగా ఎవరికీ చెప్పకుండా, షాప్ ఫ్లోర్‌లోని అదే కంప్యూటర్ దగ్గర నిలబడి పేజీ తెరిచి అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాను. పోయిన నెల రెండో రింగుకే ఎత్తారు. “సేఫ్టీ కంట్రోల్ రూమ్, చెప్పండి, ఎక్కడి నుంచండీ?” అన్నారు. పరీక్ష కోసం చేశానని చెప్పి, నా పేరు చెప్పి, పేజీ అడుగున ఆ రోజు తేదీ వేశాను.